ఇద్దరూ హాజరు

నా పేరు, మా నాన్న పేరు మీరు పైన రాసుకున్నారు. వయసు నలభై నాలుగు. స్కూలు బస్సు డ్రైవర్ని. సాయంత్రాలూ ఆదివారాలూ మా చెల్లెలి భర్తతో కలిసి బండ్ల సీట్లకు కవర్లు కుట్టేవాణ్ణి. ఆయన కలప మిల్లులో దుంగలు దించే పని చేసేవాడు. నేను ఆయన్ని బావా అనేవాణ్ణి, ఆయనా నన్ను బావా అనేవాడు. అందుకే వ్యాపారానికి ‘బావలు’ అని పేరు పెట్టుకున్నాం. ఈ వాంగ్మూలం నా చేత ఎవరూ బలవంతంగా ఇప్పించడం లేదు. ఇవ్వొద్దని మాత్రం మా వకీలు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. నోరు మూసుకుంటే నాకు ఏ ఇబ్బందీ లేదట. నోరు మూసుకోవడం నాకు బాగానే వచ్చని ఈ కొద్ది రోజుల్లో తేలింది.

మా షెడ్డు బస్సుల డిపో వెనక ఉంది. ఒక కుట్టు మిషను, ఒక బల్ల, అంతే. నాకు బస్సు ట్రిప్పు పడితే షెడ్డులో ఆయన, ఆయనకు మిల్లులో డ్యూటీ పడితే నేను. ఇద్దరం ఒకేసారి ఉండటం తక్కువ. రెక్సిన్ వచ్చినా, సరుకు వెళ్ళినా రసీదు మీద భాగస్తులిద్దరి సంతకాలూ ఉండాలని రూలు పెట్టింది మేమే, దాన్ని గాలికి వదిలేసిందీ మేమే. షెడ్డులో ఎవరుంటే వాళ్ళే రెండు సంతకాలూ గీకేసేవాళ్ళం. బావ చూపుడువేలు ఒకసారి మిల్లులో నలిగింది. అప్పట్నుంచి ఆయన సంతకం చివరి అక్షరం దగ్గర వణికేది. ఆ వణుకు కూడా నాకు పట్టుబడింది. “నాకంటే నువ్వే బాగా పెడుతున్నావు బావా, ఇక నాకు వేలెందుకు?” అని నవ్వేవాడు.

భాగస్వామ్యం మొదలుపెట్టాక దాన్ని గడువులోగా పన్నుల ఆఫీసులో నమోదు చేయించాలి. మేము ఇవాళ రేపు అని నాన్చాం. పేరు తేలక కొంతకాలం, ఇద్దరికీ సెలవు కుదరక కొంతకాలం. చివరికి ఆఖరి రోజు నెత్తి మీదికి వచ్చింది. నమోదు నంబరు లేకపోతే స్కూలు బస్సుల సీట్ల పని మాకు ఇవ్వరు. ఆ పని వస్తే బావ మిల్లు మానేద్దామనుకున్నాడు.

అది మంగళవారం. పిల్లల్ని స్కూల్లో దింపి పదిన్నరకు పన్నుల ఆఫీసుకు వెళ్ళాను. బావ పదకొండుకు వస్తానన్నాడు. మిల్లులో బయటికి వెళ్ళే చీటీ కూడా రాయించుకున్నాడు. పదకొండుకు కాస్త ముందు ఫోన్ చేశాడు. వెనక లారీ చప్పుడు వినబడింది.

“బావా, దుంగల లోడొచ్చింది. సూపర్‌వైజరు కదలనివ్వట్లేదు, దించేసి పొమ్మంటున్నాడు. నువ్వే కానిచ్చెయ్.”

“ఇది మన రసీదు కాదు బావా, గవర్నమెంటు కాగితం. ఇద్దరం ఎదురుగా ఉండి పెట్టాలంట.”

“నా సంతకం నీకు కొత్తా? సరే, పిలుస్తున్నారు. ఉంటా.”

అదే ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట.

కౌంటర్లో ఆవిడ “రెండో ఆయనేరీ?” అంది. “బండి పెడుతున్నాడమ్మా, వచ్చేస్తాడు” అన్నాను. కాగితాలు తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను. గోడకు ఆనించి నా సంతకం పెట్టాను. పెన్ను మార్చి బావది పెట్టాను. తిరిగి వెళ్ళి, “పెట్టేసి మళ్ళీ బండి దగ్గరికి పరిగెత్తాడమ్మా, దారికి అడ్డంగా ఉందంట” అన్నాను. వెనక లైను గోల చేస్తోంది. ఆవిడ ‘ఇద్దరూ హాజరు’ అని రాసి, ముద్ర కొట్టి, టైము వేసింది. పదకొండూ ఇరవై. ఆవిడ తప్పేమీ లేదు. నన్ను నమ్మింది.

బయటికొచ్చి బావకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. పన్నెండు దాటాక మిల్లు నుంచి ఎవరో చేశారు. దుంగల వరస జారి మీద పడిందన్నారు. నేను వెళ్ళేసరికి టార్పాలిన్ కప్పేశారు. చెప్పులు బయటికి కనబడుతున్నాయి. అన్నం డబ్బా కొక్కేనికి వేలాడుతోంది. సరిగ్గా ఎప్పుడు పోయాడో నాకు తెలియదు. నేను ముద్ర కోసం నిలబడి ఉన్నప్పుడే పోయాడేమో.

తర్వాత మిల్లు వాళ్ళు ప్లేటు ఫిరాయించారు. ఆయన చీటీ తీసుకుని బయటికి వెళ్ళాడట. పదకొండూ ఇరవైకి పన్నుల ఆఫీసులో సంతకం పెట్టాడట. తిరిగొచ్చి, డ్యూటీ ఎక్కకుండా, తనంతట తానే దుంగల మధ్యకు వెళ్ళాడట. కాబట్టి పైసా పరిహారం రాదట. సాక్ష్యంగా నా చేతి సంతకాన్నే తెచ్చి చూపించారు.

వాళ్ళు ఆ కాగితం చూపించిన రాత్రే మా చెల్లెలు నన్ను అడిగింది. “నీ దగ్గరికి వచ్చినప్పుడు ఎలా ఉన్నాడన్నయ్యా? ఏమన్నా మాట్లాడాడా?”

నాకు భయం వేసింది. జైలు, నా లైసెన్సు, నా ఉద్యోగం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. “బాగానే ఉన్నాడమ్మా. నవ్వుతూనే ఉన్నాడు” అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ ఒక్క మాట పట్టుకుని అప్పట్నుంచీ రోజులు నెట్టుకొస్తోంది. వచ్చిన వాళ్ళందరికీ అదే చెబుతోంది.

చెల్లెలికి డబ్బు రావాలని ఇప్పుడు అబద్ధం చెబుతున్నావేమోనని మీరు నన్ను అడిగారు. అడగడం న్యాయమే. తెల్ల కాగితం ఇమ్మన్నాను. మీ ఎదుటే బావ సంతకం పెట్టాను. మీరు దాన్ని ఆఫీసు కాగితం పక్కన పెట్టి చాలాసేపు చూశారు. వరండాలో కూర్చున్న మా చెల్లెల్ని పిలిపించి, నేను అప్పుడే పెట్టిన సంతకం చూపించారు. ఆమె చివరి అక్షరం మీద వేలు పెట్టి, “మా ఆయనదే” అంది. అది నేను పెట్టిందని మీరు చెప్పారు. బావ ఆ రోజు ఆఫీసుకు రాలేదని నేను చెప్పాను. ఆమె పరిహారం గురించి అడగలేదు. నా వైపు చూసి, “అయితే నవ్వుతూ ఉన్నాడన్నది?” అంది.

దీన్ని నాకు చదివి వినిపించారు. నేను చెప్పినది చెప్పినట్టే ఉంది, ఇందులో అబద్ధం లేదు. బావ ఆ రోజు మిల్లు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. డ్యూటీలోనే పోయాడు. ఈ కింద ఒక్క సంతకమే ఉంది. అది నాది.

(సంతకం)