మబ్బుకి వీసా ఇచ్చిన రెషిద్

సారాయెవోలో ఫెహిమ్ కాఫీ కొట్లో పొద్దున్నే చేరే వాళ్లందరికీ రెషిద్ నోటి సంగతి తెలుసు. ఇరవై ఏళ్ల కిందట తమ ఊళ్లో శీతాకాలపు ఒలింపిక్స్ జరిగాయంటే అదంతా తన చలవేనంటాడు. అప్పట్లో ఆయన సర్కారు కచేరీలో ఫైళ్లు మోసేవాడు. ఎల్లుండి పాత దస్తావేజుల భవనంలో ఆ ఆటల కాగితాలతో ప్రదర్శన పెడుతున్నారు. ముందు వరసలో తనకి కుర్చీ ఖాయమని వారం నుంచీ ఇస్త్రీ కోటు విప్పడం లేదు.

"ఆటలు ఏ ఊరికివ్వాలో తేల్చడానికి ఏథెన్స్‌లో ఓటింగు. మన రాయబార బృందంతో నన్నూ పంపారు. ఎందుకూ? కాఫీ కాచడానికి. ఉన్నమాటే చెబుతా, ఎక్కువ చెప్పను," అని మొదలుపెట్టాడు. "మొదటిరోజు ఒక ముసలి దొరకి కప్పు అందించా. తాగాడు, కళ్లు తుడుచుకున్నాడు, ఈ కాఫీ ఏ ఊరిదైతే నా ఓటు ఆ ఊరికే అన్నాడు. మర్నాడు నా గది ముందు వరస కట్టారు చూడండీ, హోటలు మెట్లు దిగి, వీధి దాటి, సముద్రం దాకా! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"సముద్రంలో దిగారా?" అన్నాడు గడియారాలు బాగుచేసే స్లావ్కో.

"పడవలేసుకుని మరీ నిలబడ్డారోయ్! మనతో పోటీకొచ్చిన జపాను ఆయన ఈ చెయ్యీ, స్వీడను ఆయన ఆ చెయ్యీ పట్టుకుని, ఆటలు మీరే ఉంచుకోండి మహాప్రభో, ఆ కాఫీ గిన్నె మాకిప్పించండని ఒకటే ఏడుపు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూడని రెండు పెద్ద దేశాలు నా బల్ల దగ్గర ఒకే చక్కెర బిళ్ల కొరుక్కుతిన్నాయి!"

"ఇదంతా ఎక్కడన్నా రాసుందా?" అన్నాడు ఫెహిమ్, కప్పులు తుడుస్తూ.

రెషిద్ నిట్టూర్చాడు. "నా ఫైలు యుద్ధంలో కాలిపోయింది నాయనా."

పదేళ్లుగా ఆయనకి ఆ మాటే పెట్టని కోట. సగం ఊరు కాలిపోయిన చోట ఒక ఫైలు కాలలేదని ఎవరంటారు?

అప్పుడే యాగోదా లోపలికొచ్చింది. దస్తావేజుల భవనంలో ఉద్యోగం. చంకలో ఒక అట్ట ఫైలు. ఆహ్వానమే తెచ్చిందనుకుని రెషిద్ గుండె ఉప్పొంగింది, గొంతు కూడా.

"రామ్మా, కూర్చో! నువ్వు వినాల్సిందే ఇది. రేపు ఆటలనగా కొండ మీద మంచు చుక్క లేదు. నేను ఇటలీకి ఫోను కొట్టి ఒక మబ్బుని మాట్లాడుకున్నా. వచ్చింది పాపం, సరిహద్దులో ఆపేశారు. కాగితాల్లేవట! పరిగెత్తుకెళ్లి దాని పొట్ట మీద నా చేత్తో వీసా ముద్ర కొట్టా. ఆ సంతోషానికి మూడురోజులు కురిసింది. చాలు తల్లీ అని మళ్లీ నేనే బతిమాలాల్సొచ్చింది!"

"ముద్ర తడిసిపోలేదూ?" అన్నాడు స్లావ్కో. కొట్టంతా నవ్వులు.

యాగోదా మాత్రం నవ్వలేదు. "బాబాయ్, ఆ ఏథెన్స్ ఫైలు కాలిపోలేదు. నకలు అప్పటి రాజధాని బెల్‌గ్రేడ్‌లో దొరికింది. మీ టెలిగ్రాం ఉంది. చదవనా?"

రెషిద్ చెవులు ఎర్రబడ్డాయి.

"‘ఏథెన్స్ రాకముందే పొరపాటున తెస్సలోనికిలో దిగిపోయాను. కాఫీ పెట్టె రైల్లోనే పోయింది. ఇప్పుడేం చెయ్యను? రెషిద్.’ ఓటింగుకి రెండురోజుల ముందు తారీఖు."

నవ్వుల్లో బల్లలు కదిలాయి. రెషిద్ కోటు గుండీ ఒకటి పెట్టుకున్నాడు, విప్పాడు. చివరికి తలెత్తాడు.

"అయితే ఏంటట? నేను వెళ్లకపోబట్టే గెలిచామేమో! దూరంగా ఉండటం కూడా రాయబారమేనమ్మా!"

"నిజమే బాబాయ్," అంది యాగోదా, కాగితం ఆయన వైపు తిప్పి. "మీ పై అధికారి కూడా కింద ఎర్ర సిరాతో అదే రాశారు. ‘ఓటింగు అయ్యేదాకా ఇతన్ని అక్కడే ఉండమనండి.’"