తిరగేసే గుర్తు

"ఆ మూల మీద పులుసు గిన్నె పెట్టొద్దు ఖుద్దూసూ, ఇటు జరుపు," అని మొదలుపెట్టాడు పీర్ సాహెబ్.

జుమ్మా నమాజు అయ్యాక కువైట్ అర్దియాలో మా రూములో అందరం అన్నానికి కూచున్నాం. కింద పరిచింది షుఐబా ఫ్యాక్టరీ కంప్యూటర్ రూములో పారేసే పొడుగు కాగితం. వారం వారం దాన్ని మోసుకొచ్చేది అక్కడ ఊడ్చే చిన్నపుల్లయ్య. అదే రూములో మిషను నడిపేది పీర్ సాహెబ్. రాయచోటి మనిషి, నోరు తెరిస్తే కోతలే. ఆ రోజు ఆయన జేబులో కంపెనీ కాగితం ఒకటుంది. పాత మిషను తీసేస్తున్నారు, దాంతోపాటు ఆయన నేర్చిన ఏపీఎల్ అనే కంప్యూటర్ భాషా పోతుంది. శనివారం పొద్దున్నే సంతకం పెడితే చిన్న మిషన్ల మీద బేసిక్ అనే ఇంకో భాష నేర్పించి ఇంకో మూడేళ్లు ఉంచుకుంటారు, మధ్యలో సెలవు లేదు. పెట్టకపోతే ఇఖామా ఖలాస్, ఇక్కడ ఉండే పర్మిట్ రద్దు చేసి ఇంటికి టికెట్టు చేతికిస్తారు.

"సంతకం నేను పెట్టనప్పా. బేసిక్‌లో నలభై వరసలు రాసేది మా ఏపీఎల్‌లో ఒక్క వరస. అన్నీ గుర్తులే, సున్నాలు, బాణాలు, ముక్కోణాలు. ఆ మీటలు ఈ చిన్న మిషన్లకు లేనే లేవు. డెబ్బై ఎనిమిదిలో నేనొచ్చిన కొత్తల్లో, ఓడలో నూనె ఎంత ఎక్కిచ్చాలో తెలీక ముగ్గురు గుమాస్తాలు మూడు దినాలు తలలు పట్టుకున్న్యారు. నేను చాయ తాగేలోపల ఒక్క వరస కొట్టినా. లెక్కకు ఏదో ఒక పేరు పెట్టాల గదా, ఖైరూన్ అని మా ఇంటామె పేరే పెట్టినా. అప్పట్నుంచి దొర పొద్దున్నే వచ్చి ఈ పొద్దు ఖైరూన్ ఎంత అని అడగాల్సిందే. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? జపానోళ్ల ఓడ ఇసకలో కూరుకపాయ. పది పడవలు కట్టి లాగినా రాలా. మా దాంట్లో ఒక గుర్తుండాది, సున్నాకు నిలువుగీత. తిరగేసే గుర్తు. ముందుండేది ఎనక్కి, ఎనకుండేది ముందుకి. అది కొట్టినా. ఓడ దానంతట అదే ఎనక్కి జరిగి నీళ్లలో పడె."

"ఓడలో మనుషులు తిరగబడలేదా పీర్ బాయ్?" అన్నాడు డ్రైవరు ఖుద్దూస్.

"కెప్టెను టోపీ ఒక్కటే. అదేం చూసినావు? ఎనభై ఒకటిలో దుమ్ము లేచింది జూడు, చెయ్యి చాపితే ఏళ్లు కనపళ్లా. మళ్లీ అదే గుర్తు. వచ్చిన దుమ్ము వచ్చినట్టే పాయ. పోతా పోతా, అంతకు ముందు వారం ఎగిరిపోయిన నా లుంగీ తెచ్చి దండెం మీద ఏసిపాయ."

అన్నం పొరపోయేంతగా నవ్వాం. పీర్ సాహెబ్ మాత్రం నవ్వలేదు. ముద్ద చేతిలోనే పెట్టుకున్నాడు.

"ఇంగోటి ఎవరికీ చెప్పలా. ఒక మధ్యాన్నం సముద్రం మీదనే పెట్టినా ఆ గుర్తు. కువైట్ ఎనక్కి, రాయచోటి ముందుకి. కిటికీ తీస్తే మా ఈది. ఖైరూన్ గడప మీద కూచోని చాటలో బియ్యం ఏరతాంది. తలెత్తి, ఎప్పుడొచ్చినావు, అన్నం తిన్న్యావా అనె. చెవి పక్కన ఎంటికలు నెరిసిండాయి. నేనొచ్చేటప్పుడు అవి నల్లగుండె. రెండింటికి డూటీ గదా, మళ్లీ తిరగేసి వచ్చేస్తి."



"ఆరేండ్లాయ గదా నువ్వొచ్చి. ఆ గుర్తు ఈ ఆరేండ్ల మీద పెట్టకపోయినావా?" అన్నాడు ఖుద్దూస్ మెల్లిగా.

"పెట్టినా. అదొక్కటి ఒప్పుకోలే మిషను."

చిన్నపుల్లయ్య చెయ్యి తుడుచుకుని, గిన్నె పెట్టొద్దన్న ఆ మూల చూపించాడు. "నీకు ఇంగ్లీషొస్తాది గదా ఖుద్దూసూ, ఈడేముందో సదువు."

ఖుద్దూస్ వంగి చదివాడు. "క్యాంపు మెస్సు. ఖైరూన్, బియ్యం, పద్నాలుగు బస్తాలు. కింద ఉల్లిగడ్డలు, కందిబ్యాళ్లు."

"ఓడల లెక్క వేరే కాగితం," అన్నాడు పీర్ సాహెబ్.

"ఆరేండ్లుగా ఆ రూము ఊడుస్తాండ పీర్ బాయ్. ఓడ లేదు, గీడ లేదు, నిన్ను అడిగేది దినామూ బియ్యం లెక్కే. నువ్వు ఏడిసేది భాష కోసరం గాదు. నీకు ఇంటికి పోవాలనుంది. చేతగాక వచ్చినాడంటారని భయం. నా అంతట నేను రాలేదు, భాషే పాయ అని చెప్పుకోవాలని చూస్తాండావు."

పీర్ సాహెబ్ చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "అవును పుల్లయ్యా," అన్నాడు చివరికి. కోత లేని మాట ఆయన నోట అదొక్కటే విన్నాం.

తర్వాత ఆ మూలను, ఖైరూన్ పేరు చినగకుండా, జాగ్రత్తగా చించి జేబులో పెట్టుకున్నాడు. అదే జేబులోంచి కంపెనీ కాగితం తీసి, చించిన చోట సరిగ్గా పరిచాడు.

"ఇప్పుడు పెట్టు ఖుద్దూసూ, పులుసు గిన్నె."