గుమ్మడిపూల దగ్గర నా ఉద్యోగం

నేను బోర్డుల మీద అక్షరాలు రాసే పెయింటర్నని మీకందరికీ తెలుసు గానీ, నెలకి పైగా తేనెటీగ ఉద్యోగం చేశానని తెలుసా? నవ్వకండి. ఇంకో టీ పొయ్యి, చెబుతాను. అప్పట్లో ఈ ఎదురు మేడ మీద పేరు రాయాల్సొచ్చింది. సరిగ్గా రాయాల్సిన చోటే, సన్‌షేడ్ కింద, చేటంత తేనెపట్టు. నిచ్చెన వేస్తే ఈగలు ఊరుకుంటాయా? పొగ పెట్టించాను. లేచిపోయాయి. పేరు రాసేసి ఇంటికి పోయాను.

"అంతేనా?" అన్నాడు ఆటో ఆయన.

అంతే అయితే మీకెందుకు చెబుతాను? పదిహేను రోజులకి, ఆ మేడ పైవాటాలో ఉండే మన నర్సక్క, ఇదిగో ఇక్కడే కూర్చుంది, డాబా మీద కుండీలో గుమ్మడిపాదు చూపించింది. ఆడపువ్వు కింద గోలీకాయంత పిందె ఉంటుంది చూడండి, అది రెండ్రోజులకే పసుపెక్కి రాలిపోతోంది. వాళ్ళమ్మ పోయే ముందు ఇచ్చిన గింజలు, ఆఖరివి. ఈసారి కాయ పట్టకపోతే ఆ విత్తనం ఇంక లేదు. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి చేర్చేది ఈగలు, వాటిని తరిమింది నేను. సరే, నా దగ్గర సన్నగీతలు గీసే బ్రష్షుంది. పొద్దు పొడిచేసరికి డాబా ఎక్కి, పుప్పొడి అద్దాను.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధంతా కబురు పాకింది. వాళ్ళ బీరపాదంటారు, వీళ్ళ దోసపాదంటారు. బ్రష్షు చాలక సున్నం కొట్టే కుంచె పట్టాను. ఒక్క విసురుకి ఎనిమిది డాబాలు. పుప్పొడి మబ్బులా లేచి, కూడలిలో పోలీసాయన తుమ్మిన తుమ్ముకి ఈల మింగేశాడు.

"మింగితే ఎలా మరి?" అన్నాడు టీ ఆయన.

ఇప్పటికీ ఆవులిస్తే బళ్ళు ఆగిపోతాయి. ఇక తేనెపిట్ట వచ్చి, మా పొట్ట కొడతావా అని నా చెవి పట్టుకుంది. ఎర్రపూలు నీవి, పసుపుపూలు నావి అని సర్దిచెప్పాను. ఈలోగా పాదు మీద యుద్ధం. చీమలేమో ఆకురసం పీల్చే పేనుబంక పురుగుల్ని గొడ్లలా మేపుకుంటూ దాని తీపి తాగుతున్నాయి, అక్షింతల పురుగులేమో ఆ బంకనే తినడానికి దిగాయి. మధ్యలో తెల్లరంగుతో గీత గీశాను. ఇటు మీరు, అటు వాళ్ళు. ఈ రోజుకీ ఎవరూ దాటలేదు. చివరికి రాణి ఈగే మనిషిని పంపింది, వచ్చి మా పట్టు చూసుకోమని.

"మనిషినా?"

ఈగనే అనుకో. కాయలు కాశాయి చూడండి, ఒక్కోటి నీ ఆటో అంత. క్రేనుతో దింపి తొలిస్తే, లోపల రెండు గదులూ వంటిల్లూ. ఒకాయన అద్దెకి కూడా అడిగాడు.

నర్సక్క గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఒక్కటే కాయ కాసింది. నా రెండు చేతుల్లో పట్టింది. వీధిలో ఇంకెవరికీ పాదుల్లేవు."

ఆటో ఆయన పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ముప్పై ఎనిమిది రోజులు వచ్చాడు. నాతో మాటైనా చెప్పలేదు. నేను లేవకముందే దిగిపోవాలని చెప్పులు కిందే విప్పేవాడు. మోకాళ్ళ నొప్పికి మెట్టు మెట్టుకీ ఆగేవాడు. తలుపు సందులోంచి చూసేదాన్ని. పువ్వు పువ్వుకీ, తప్పైపోయింది తల్లీ అనేవాడు."

పెయింటర్ తల వంచుకున్నాడు.

"చూస్తూ పిలవలేదేం అక్కా?"

"పిలిస్తే మర్నాటి నుంచి రావేమోనని." ఆమె సంచిలోంచి కాయితం పొట్లం తీసి ఆయన ముందుకి జరిపింది. "కాయ ముదిరాకే కోశాను. మంచి గింజలు చాలానే ఉన్నాయి. ఇవి నీకు."

"నాకు డాబా ఎక్కడుందక్కా, నేనుండేది ఒక్క గది."

"మాది ఉందిగా, తమ్ముడూ. కుండీ కూడా కొత్తది పెట్టాను. ఈసారి మాత్రం తలుపు కొట్టి రా."

ఆయన పొట్లం జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఇంకే కోతలూ కొయ్యలేదు.