మరియమ్మ తల్లి రొట్టె

అరేబియా ఎడారి అంచు ఊళ్లో, మరియమ్మ తల్లి పండగ పూట, ఇద్దరు తోడికోడళ్లు గుడ్డ కప్పిన పీట దగ్గర నిలబడ్డారు. పీట మీద చిన్నామె రొట్టె ఉంది.

“పన్నెండేళ్లు తల్లికి నా రొట్టే పెట్టాం. ఈ ఏడు నీదా?”

“నాది బాగా పొంగిందక్కా.”

“నీ మొహం! ఓ పక్కంతా మాడింది. ఆడవాళ్లంతా నీదే పెడదామంటున్నారని ఆదివారమే విన్నాలే. ఆడవాళ్లు అర్పణ చెయ్యడం పాపమనే బిషప్పుగారికి తిన్నగా వెళ్లి చెప్పేశా. మా ఇంట్లో ఆడవాళ్లే తల్లికి రొట్టె అర్పిస్తున్నారని.”

“తెలుసు. ఆయన వంటమనిషి నిన్న వచ్చి చెప్పింది.”

“తెలిసీ పెట్టావా?”

“ఆడవాళ్లు అడిగినప్పుడు వద్దన్నానక్కా, నీదే పెట్టమన్నాను. కానీ ఇవాళ బిషప్పుగారి మనుషులొస్తారట. పీట మీద ఎవరి రొట్టె ఉంటే వాళ్లని సంఘంలోంచి వెలేస్తారట. అది విన్నాకే ఒప్పుకున్నా.”

“అంటే, నా బదులు నువ్వా?”

“అదిగో, తలుపు కొడుతున్నారు. నువ్వు లోపలికెళ్లు.”

“జరుగు. నా రొట్టె ఇలా తే.”

“వద్దక్కా, ఇద్దర్నీ వెలేస్తారు.”

“వెయ్యనీ. నీది పక్కకి జరుపు. నాదే ముందుండాలి.”