ఖాళీ కాని రూమ్

నాచారంల ఇరవై నాలుగ్గంటలు నడిచే కాల్ సెంటర్. గాలిల కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలిచే సెన్సార్ చూడనీకి వచ్చినామె స్టూల్ మీద నిలబడింది. కింద ఫ్లోర్ మేనేజర్.

"ఐదొందలే సూపిస్తుంది గదమ్మా. గాలి మంచిగనే ఉన్నట్టు."

"ఈ రూమ్ ఎప్పుడన్న ఖాళీ అయితదా అన్నా?"

"మూడు షిఫ్టులాయె. ఆదివారం గుడ కాదు."

"గదే తిప్పలు. వారంల అన్నిటికన్న తక్కువ అంకె ఏదొస్తే, అదే బయటి గాలనుకుంటది ఈ సెన్సార్. ఇక్కడ మీరు ఇడిసిన గాలినే మంచి గాలనుకుంటుంది. ఆ సెట్టింగ్ బంద్ జేద్దామని మార్చిల నీకు మెయిల్ పెట్టిన. మళ్ల జూన్ల పెట్టిన."

"మెయిళ్లు ఎన్నని సదువుత?"

"నా మీటర్ సూడు."

"పదిహేడొందలా!"

"గందుకే అందరు తూగుతున్నరు."

"అరె... డ్యూటీల కునుకు తీస్తుందని మా ఫ్లోర్ల పనిజేసే పద్మశ్రీకి మూడో మెమో రాసి పొద్దుగాలనే హెచ్చార్‌కు పంపిన. సాయంత్రం ఆమెను నౌకరీలకెల్లి తీసేస్తరు."

"ఆపుమని ఫోన్ జెయ్యి."

"తప్పు నాదని జెప్పాల్నా?"

"గాలిదని జెప్పు."

"జర ఆగు, తలకాయ పనిజేస్తలేదు. ముందు ఆ కిటికీ తియ్యి."

"ఇవి తియ్యరావన్నా, సీల్ జేసిన్రు. నువ్వు ఫోన్ తియ్యి."