ముందు వేసే బొమ్మ

బస్తర్ సంస్థానంలో, కోంటా సంత పక్కన డేరా టాకీసు. పొద్దున్నే యజమాని తన ఆపరేటర్ మీద విరుచుకుపడ్డాడు.

"నిన్న పెద్ద బొమ్మ మొదలుగాకముందే జనమంతా ఇంటిబాట పట్టిన్రేందిరా?"

"ముందేసిన చిన్న బొమ్మ ఆఖర్ల దొంగ దొరికిండు, గుర్రం ఇల్లు చేరింది. కథ అయిపోయిందనుకున్నరు సేఠ్."

"పెద్దది ఇంకా ఉందని చెప్పలేదా?"

"వాళ్ల దోర్లీ భాషల చెప్పిన, గోండిల చెప్పిన. కడుపు నిండింది, చాలన్నరు."

"అది అగ్గువ బొమ్మరా! దాంట్ల నాలుగు మాటలు గూడ లెవ్వు!"

"అందుకే అందరికీ సమజైంది. పెద్దదాంట్ల అంతా హిందీ మాటలేనాయె."

"అయితే చిన్నదాన్ని ఇయ్యాలే వాపసు పంపు."

"వద్దు సేఠ్. ఇయ్యాల పెద్దదే ముందు వేద్దాం."

"ఎందుకు?"

"జనమొచ్చి కూసునేదాక ఏదో ఒకటి ఆడాలె గద."