ఊఁ అన్నాకే తర్వాతి గుర్తు

అధ్యక్షులు, ప్రెస్సు యజమాని ఓంప్రకాశ్ గారికి, పెద్దలకు, మిత్రులకు, ఈ రోజు మన ప్రెస్సు నుంచి రిటైరవుతున్న సుందర్ రావు సార్‌కు నమస్కారం.

ఈ ఉదయం కొత్త కంప్యూటర్‌లో లెక్కల పుస్తకం తెరిచాను. నలభై ఒకటో పేజీలో ఒక్క ఇంటిగ్రల్ గుర్తు ఎడమకు ఒరిగి ఉంది. మిగతావన్నీ నిటారుగానే ఉన్నాయి. సార్‌కు చూపిస్తే, "విమలది" అన్నారు.

విమల మేడమ్ పాత కంప్యూటర్‌లో తన చేత్తో గీసుకున్న ఫాంటు అది. కొత్తవాటిలో పనిచేయదని వేరే ఫాంటు నేనే ఎక్కించాను. మేడమ్ చనిపోయి ఐదేళ్లయింది. నేను చేరి నాలుగేళ్లు. ఆమె కుర్చీలోనే కూర్చుంటాను.

ఒక కంప్యూటర్‌లో కట్టిన పేజీ ఇంకోదానిలో తెరిస్తే, ఆ ఫాంటు అక్కడ లేకపోతే, గుర్తులు మారతాయి. ఒక్కోసారి మైనస్ ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. అందుకే మన దగ్గర జత చదువు. సార్ తెర మీద చూసి ఒక్కో గుర్తూ పైకి చదువుతారు. ఎదుటివాళ్లు అసలు కాగితంతో సరిచూసి ఊఁ అంటారు. నాకు ముందు ఆ ఊఁ విమల మేడమ్‌ది. ఊఁ అన్నాకే తర్వాతి గుర్తు.

కాన్వెంట్‌లో సిస్టర్లు నాకు నేర్పిన మొదటి పాఠం, పనిలో మాట్లాడకూడదని. "ఈ పిల్లతోని మైకు పట్టిచ్చుడు మీతోనే అయింది సార్" అని ఓంప్రకాశ్ గారు ఇందాకే అన్నారు. (నవ్వులు)

పోయిన ఫిబ్రవరిలో స్టేషన్ ఘన్‌పూర్ కాలేజీ ప్రశ్నపత్రం చదువుతూ, పదిహేడో ప్రశ్న దగ్గర సార్ ఆగిపోయారు.

"ఏంది షారోన్, ఊఁ అంటలేవు?"

చూస్తే కాగితం మీద మైనస్ ఉంది, తెర మీద లేదు. నిజానికి నేనింకా పై వరుసలోనే ఉన్నాను. ఆ పత్రం రాసినవాళ్లు నాలుగు వందల మంది. "బతికించినవ్ బిడ్డా" అన్నారు సార్. నేను తల దించుకున్నాను.

సోమవారం నుంచి సార్ కుర్చీలో కూర్చుని నేను చదవాలి. ఎదురుగా ఎవరినీ పెట్టలేదు. "అన్ని మిషన్లల్ల ఒకటే ఫాంటు వచ్చె, ఇంక ఇద్దరెందుకు?" అంటున్నారు ఓంప్రకాశ్ గారు. మీ మాట కాదనను ఓంప్రకాశ్ గారూ. కానీ దయచేసి ఆ రెండో కుర్చీ మాత్రం తీయించకండి. అదొక్కటి అడగడానికే మైకు పట్టుకున్నాను.



సుందర్ రావు సార్, ఓపిగ్గా పని నేర్పినందుకు కృతజ్ఞతలు. ఇంతసేపు విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు తీసుకునే ముందు, సార్‌కు ఇన్నాళ్లూ చెప్పనిది ఒకటుంది.

ఈ నాలుగేళ్లలో నేను పెన్సిల్‌తో టిక్కు పెట్టడమే గాని, ఒక్కసారి కూడా ఊఁ అనలేదు.